బాలవృద్ధులు నడువదగిన వీధి

2024 వ సంవత్సరము నవంబరు మాసమున ఆంధ్రప్రదేశ శాసనసభ యొక చిన్న సవరణమును గావించినది. ఇద్దరికంటె నెక్కువ సంతానము గలవారు పంచాయతీలకును పురపాలక సంఘములకును పోటీ చేయరాదను నిబంధన 1994 నుండి యమలులో నుండెను, అది తొలగింపబడినది. ముప్పది సంవత్సరములు చాలు చాలునని చెప్పిన ప్రభుత్వమే యిప్పుడు ఇంకను కనుడని చెప్పుటకు కారణము లేకపోలేదు. 2019-21 లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున నొక్కొక్క స్త్రీకి సగటు సంతానము ఆంధ్రప్రదేశమున 1.7 గాను, తెలంగాణమున 1.8 గాను తేలినది. జనసంఖ్య తరుగకుండ నిలుచుటకు 2.1 కావలయునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. పిల్లలు తగ్గుచున్నారు, పెద్దలు పెరుగుచున్నారు.

ఈ సవరణము యుక్తమా, అయుక్తమా యను చర్చలోనికి మేమిపుడు దిగము. సంతానము నెందరిని కనవలెనో నిశ్చయించుకొను హక్కు దంపతులది. శాసనములు వారి పడకటింటి తలుపు వెలుపల నిలుచుటయే మర్యాద. మా ప్రశ్న వేరు. పుట్టబోవు నా బిడ్డ నడచుటకు వీధి యెక్కడ నున్నది? ఆ బిడ్డను వ్రేలు పట్టుకొని నడిపింపవలసిన తాతకు వీధి యెక్కడ నున్నది? జనాభా పెరుగవలెనని కోరు ప్రభుత్వము ముందుగా నా జనము కాలు మోపదగిన చోటును చూపింపవలసియున్నది.

2011 జనాభా లెక్కలనాటికే యీ దేశమున నరువది యేండ్లు దాటినవారు పది కోట్లకు పైగా నుండిరి. అనగా నూటికి 8.6 వంతు. నాటినుండి యీ సంఖ్య పెరిగినదేగాని తరుగలేదు. కాని యీ మార్పును తెలిసికొనుటకు లెక్కల పుస్తకములు తిరుగవేయ నక్కరలేదు. గోదావరీ కృష్ణా డెల్టాలలోని యే పెద్దగ్రామమున కేగినను కనబడును. కుమారుడు హైదరాబాదునుండియో, బెంగుళూరునుండియో, అమెరికానుండియో పంపిన ధనముతో రెండంతస్తుల మేడ లేచినది. పై యంతస్తునకు తాళము వేసియున్నది. క్రిందియంతస్తున నొక గదిలో ముసలి దంపతులిద్దరు కాలము గడుపుచున్నారు. మెట్లెక్కలేరు గనుక పై యంతస్తు వారికి లేదు. వీధిలో నడువలేరు గనుక ఊరు వారికి లేదు. అంత పెద్ద యింటిలో వారికి మిగిలినది మంచమును, దూరదర్శనమును, సంక్రాంతికి మనుమలు వత్తురను నాశయు మాత్రమే.

ఊరు బాగున్నదా లేదా యని తేల్చుటకు మేమొక సులభమైన కొలబద్దను ప్రతిపాదించుచున్నాము. ఎనిమిదేండ్ల పిల్ల యొంటరిగా బడికి నడచి పోయి రావలెను. డెబ్బదియైదేండ్ల యవ్వ యొంటరిగా గుడికిని, మందుల దుకాణమునకును, కూరల బజారునకును పోయి రావలెను. వారు తిరిగి గడప త్రొక్కువరకు నింటిలోనివారు గుండెలు చిక్కబట్టుకొని కూర్చుండకుండవలెను. ఇది జరుగు నూరు మంచి యూరు. ఇది జరుగని చోట నెన్ని వంతెనలు కట్టినను, కూడళ్లలో నెన్ని రంగుదీపములు వెలిగించినను, ఆ యూరు పాతికేండ్లకును ఏబదియేండ్లకును నడుమనున్న, మోటారుబండి గల, కాళ్లు చక్కగా పనిచేయు మగవానికొరకు మాత్రమే కట్టబడినదని చెప్పక తప్పదు. అట్టివారు మనలో నెందరు? అట్టివారైనను నట్లెంతకాలముందురు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 లో వృద్ధులకు అనుకూలమైన నగరములను గూర్చి యొక మార్గదర్శక గ్రంథమును ప్రకటించినది. 22 దేశములలోని 33 నగరములలో వృద్ధులను కూర్చుండబెట్టి, మీ యూరిలో మీకేది సుఖముగా నున్నది, ఏది కష్టముగా నున్నదని యడిగి, వారి మాటలనుండి యా గ్రంథమును కూర్చిరి. మన దేశమునుండి ఢిల్లీయు ఉదయపురమును అందులో చేరియుండెను. ఆ గ్రంథములోని విషయములకంటె నది పుట్టిన విధానమే మాకు మిక్కిలి నచ్చినది. మన పురపాలక సంఘములు వీధి వేయుటకు ముందు ఇంజనీరు నడుగును, కంట్రాక్టరు నడుగును, ఒక్కొక్కప్పుడు శాసనసభ్యుని బంధువును గూడ నడుగును. ఆ వీధిలో నలుబది యేండ్లుగా కాపురమున్న ముదుసలి నడిగినట్లు మేమెన్నడును వినలేదు.

మేమెరిగిన విశ్రాంత ఉపాధ్యాయులొకరు కలరు. వారు ప్రతిదినము ఉదయము ఏడు గంటలకు శాఖా గ్రంథాలయమునకు నడచిపోయి, నాలుగు పత్రికలు చదివి, అక్కడి మిత్రులతో రెండు మూడు వాదములు పెట్టుకొని, తొమ్మిదింటికి కూరలు కొనుక్కొని యింటికి చేరుచుండిరి. దూరము రెండు ఫర్లాంగులకు మించదు. ఒకనాడు కాలువపై బండ యొకటి లేకపోవుట వారికి కనబడలేదు. ముందునాటి వానకు నీరు నిలిచి, గుంతయు బాటయు నొక్కటిగా నుండెను. తుంటి యెముక విరిగినది. శస్త్రచికిత్స జరిగినది, మూడు మాసములకు లేచి నడచిరి. కాని వీధిలోనికి మాత్రము మరల పోలేదు. కోడలు వారికొరకు పత్రికను ఇంటికే తెప్పించినది. పత్రిక వచ్చినది గాని, దానిని గూర్చి వాదించు మిత్రులు రాలేదు. ఏడాది తిరుగకుండగనే యా మనిషి మాట తగ్గినది, ఆకలి తగ్గినది. ఆ బండ వెల యెంత? వేయి రూపాయలుండునో, రెండు వేలుండునో!

మన యూళ్లలో వీధులు వేయు పద్ధతి యొకటి కలదు. దానిని గూర్చి కొంచెము వివరముగా వ్రాయుట యవసరము. సిమెంటు రోడ్డు పాతబడగా, దానిని త్రవ్వి తీసివేయక, దాని నెత్తిమీదనే మరియొక పొరను వేయుదురు. అయిదారేండ్లకు మరియొక పొర. కొలత పుస్తకములో పని తేలికగా నెక్కును. కంట్రాక్టరునకు త్రవ్వకము ఖర్చు మిగులును. ఇట్లు రోడ్డు జానెడు, మూరెడు పెరుగుచు పోవగా, దానికిరుప్రక్కలనున్న పాత యిండ్లు గోతిలో పడును. నాడు వీధినుండి మూడు మెట్లెక్కి యింటిలోనికి పోయినవారు నేడు రెండు మెట్లు దిగి పోవుచున్నారు. వానకాలమున వీధి నీరు వంటింటిలో ప్రవేశించును. అప్పుడు స్తోమత గలవారు ఇంటిని పడగొట్టి యెత్తుగా కట్టుకొందురు. ఈసారి రోడ్డు పెరుగునని భయపడి అయిదడుగుల యెత్తు లేపుదురు. ఆ యైదడుగుల యెత్తునకు కారు ఎక్కవలెను గనుక వాలుకట్టు కట్టుదురు. ఆ వాలుకట్టునకు సొంతస్థలము చాలదు గనుక కాలువ దాటి, కాలిబాట దాటి, రోడ్డు అంచువరకు తెత్తురు. ప్రక్కయింటివాడు తానేమి తక్కువయని మరియొక యడుగు ముందుకు తెచ్చును.

ఈ వాలుకట్టులు కట్టినవారెవరు? దరిద్రులు కారు. మా పాఠక మహాశయులలో ననేకులు కట్టియున్నారు. ఈ పంక్తులు వ్రాయు కార్యాలయపు వీధిలోను అట్టివి గలవు. ఇంటి గోడ లోపల గజము స్థలమునకై సోదరునితో కోర్టుకెక్కు మనము, గోడ వెలుపల ప్రజల స్థలమును గజములకొద్ది యాక్రమించి, దానిపై తులసికోటయు, జనరేటరును, కారు ముందుచక్రములును నిలిపి, అది మన హక్కేయనుకొనుచున్నాము. ఆ కారు తన యిల్లు చేరుకొనుటకై, ముసలివారును పిల్లలును బాట వదలి లారీల నడుమకు దిగవలసి వచ్చుచున్నది.

ఫలితము చూతము. 2022 వ సంవత్సరమున ఈ దేశపు రోడ్లపై ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మందియని కేంద్రప్రభుత్వపు నివేదిక చెప్పుచున్నది. వారిలో 32,825 మంది పాదచారులు. వారు బండి నడుపలేదు, వేగముగా పోలేదు, మద్యము త్రాగి చక్రము పట్టలేదు. నడచుచుండిరి, అంతియే.

నియమములు లేకపోవుటచేత నిట్లు జరుగుచున్నదందుమా, అదియును కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 లో సవరించి ప్రకటించిన ప్రమాణముల ప్రకారము కాలిబాట యడ్డంకులు లేని వెడల్పు 1.8 మీటర్లు, అనగా దాదాపు ఆరడుగులు, ఉండవలెను; బాట యంచు యెత్తు 150 మిల్లీమీటర్లకు మించరాదు. ఆరడుగుల వెడల్పైన, ఒకరు చేతికర్రతో పోవుచుండగా మరియొకరు బిడ్డ నెత్తుకొని యెదురుగా రావచ్చును. మన పట్టణములలో కాలిబాట యున్నచోట దాని యంచు మోకాటి యెత్తున నుండును. యౌవనవంతులే దానిని దాట వెనుదీయుదురు. 2025 మే మాసమున సర్వోన్నత న్యాయస్థానము, అడ్డులేని కాలిబాటపై నడచుట రాజ్యాంగము 21 వ అధికరణము క్రింద నిచ్చిన జీవనహక్కులో భాగమేయని చెప్పి, వికలాంగులకు గూడ ననువుగా వానిని ఏర్పరచుటకు మార్గదర్శకములను సిద్ధపరచుడని రాష్ట్రములను ఆజ్ఞాపించినది. అంతకుముందు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, నియమములు వెలువడిన యైదేండ్లలోగా ప్రజోపయోగ భవనములన్నిటికిని వారు ప్రవేశింపగల వసతి కల్పింపవలెనని శాసించెను. నియమములు 2017 లో వెలువడెను. గడువు 2022 లో కడతేరెను. మీ యూరి తహసీలుదారు కార్యాలయమునకు, బ్యాంకునకు, పోస్టాఫీసునకు చక్రాల కుర్చీ పోగలదో లేదో పాఠకులే చూచి చెప్పుదురుగాక. ఈ విషయమును సర్వోన్నత న్యాయస్థానమువరకు గొనిపోయినది చూపులేని యొక పౌరుడు; 2024 లో తీర్పు చెప్పునప్పుడు న్యాయస్థానమునకు పరిశీలన నివేదిక సమర్పించినది హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము. మన గడ్డమీదనుండి సాక్ష్యము పోయినది గాని మన వీధులు మారలేదు.

కాలిబాటను గూర్చి మాటలాడినంతనే కొందరు, తోపుడుబండ్లవారిని తరిమివేయుడని కేకలు వేయుదురు. మేమందుకు సమ్మతింపము. 2014 నాటి వీధి విక్రేతల చట్టము వారికి స్థానము చూపవలెనని చెప్పినది. పట్టణ విక్రయ సంఘములో నూటికి నలుబదిమందికి తక్కువ కాకుండ వారిచే నెన్నుకొనబడినవారే యుండవలెనని గూడ చెప్పినది. ముసలి యవ్వకు కూరలు దగ్గరలో దొరకుట బండివాని వలననే. చీకటి పడిన తరువాత వీధిలో నాడుపిల్ల నిర్భయముగా నడచుట మిరపకాయబజ్జీల బండిదగ్గర దీపము వెలుగుట వలననే. బండికి చక్రములున్నవి, జరుపవచ్చును. సిమెంటు వాలుకట్టునకు చక్రములు లేవు.

ఇక కూర్చుండుచోటు, నీడ, మరుగుదొడ్డి. వీనిని గూర్చి పెద్దమనుష్యులు సభలలో మాటలాడుటకు సంకోచింతురు. కావుననే మేము వ్రాయుచున్నాము. బజారునకు పోవలసిన నాడు ఉదయమునుండి మంచినీళ్లు త్రాగని స్త్రీలు మన యిండ్లలోనే కలరు. మధుమేహము గల వృద్ధుడు పెండ్లికి పోవుట మానుకొనుటకు కారణము కీళ్లనొప్పియని చెప్పును. నిజమైన కారణము వేరు. 2014 లో ఆరంభమైన స్వచ్ఛభారతము వలన ఇంటింట మరుగుదొడ్లు వెలసినవి, సంతోషమే. ఇల్లు విడిచి వచ్చినవాని సంగతి మాత్రము మిగిలిపోయినది. బజారున నొకటి కట్టినను, దానికి నీటికుళాయి లేక, కాపలావాడు లేక, ఆరునెలలలో తాళము పడును. బస్సు సంగతియు నంతే. తెలంగాణమున 2023 డిసెంబరునుండి, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టునుండి స్త్రీలకు ఉచిత ప్రయాణము లభించినది. గొప్ప మేలు, సందేహము లేదు. కాని పల్లెవెలుగు బస్సు మొదటిమెట్టు డెబ్బదియేండ్ల యామె మోకాటికి సమానముగా నుండును. టిక్కెట్టు లేదు గాని, ఎక్కుటయు లేదు. ప్రక్కవారు రెక్క పట్టి లాగవలెను. బస్సులు నిలుచుచోట మెట్టు యెత్తునకు సరిపోవునట్లు జానెడు యెత్తు అరుగు కట్టుటకు ఆర్‌.టి.సి.వారు గాని, పంచాయతీవారు గాని ముందుకు వచ్చినచో నెంత పని సుకరమగును!

పింఛను సంగతియు నిచ్చట చెప్పవలెను. ఆంధ్రప్రదేశమున వృద్ధుల పింఛను 2024 జూలైనుండి 4,000 రూపాయలు. నెల మొదటినాడు గుమ్మమువద్దకు వచ్చి చేతికిత్తురు. తెలంగాణమున 2019 లో 2,016 రూపాయలకు పెంచబడినది. ఈ ధనము కుటుంబములో వృద్ధుల మాటకు విలువ తెచ్చినది. కోడలి ముఖమున చిరునవ్వు తెచ్చినదని పల్లెలలో పరిహాసమాడుదురు. మేము దీనిని మనసార మెచ్చుకొందుము. అయినను ఒక విచిత్రమును గమనింపక తప్పదు. ధనమును ఇంటికి పంపుటకు మనకు శక్తి కలిగినది. మనిషిని ఇంటినుండి వెలుపలికి రప్పించుటకు శక్తి కలుగలేదు. పింఛను ముసలివానియొద్దకు నడచి వచ్చుచున్నది. ఆ పింఛనుతో కప్పు కాఫీ త్రాగుటకు ముసలివాడు హోటలువరకు నడచి పోలేకున్నాడు.

పూర్వము మన యిండ్లకు వీధి యరుగులుండెడివి. గడపకు రెండువైపుల, చూరుక్రింద, నున్నగా గచ్చుచేసిన యరుగులు. అవి యింటివి, వీధివి కూడ. బాటసారి దానిపై నడుము వాల్చెను; గాజులవాడు మలారము దించెను; సాయంకాలము తాత మనుమలకు భారతకథ చెప్పెను. వీధిబడులనేకము అరుగులమీదనే నడచినవి. మన తాతముత్తాతలలో ననేకులు ఓనమాలు దిద్దినది అరుగుమీది యిసుకలోనే. వృద్ధుడు గడప దాటి రెండడుగులు వేసిన చాలును, ఊరంతయు వానియొద్దకు వచ్చెడిది. నేడు ఆ యరుగులు పోయి యెనిమిదడుగుల ప్రహరీగోడలు వచ్చినవి. గోడపై గాజుపెంకులు, గేటుపై కుక్కయున్నది జాగ్రత్తయను పలక. దొంగలకు భయపడి కట్టుకొన్న గోడ, పొరుగువారిని కూడ నాపినది. స్థలము గలవారు క్రొత్త యిల్లు కట్టునపుడు గోడకు వెలుపలివైపున, తమ హద్దులోనే, మూరెడు వెడల్పు అరుగు విడిచిన వారికేమి నష్టమో మాకు తెలియదు.

అట్లని పూర్వకాలమంతయు బంగారమని మేము చెప్పుటలేదు. రచ్చబండను గూర్చి నేడు కవులు కన్నీరు కార్చుచున్నారు గాని, రచ్చబండ యందరిది కాదు. స్త్రీలు దానిపై కూర్చుండ నోచుకొనలేదు. దళితవాడవారు దాని ప్రక్కనుండి చెప్పులు చేతబట్టుకొని నడచిపోయిరి. ఆ రచ్చబండ తిరిగి రావలసిన పనిలేదు. కావలసినది, ఎవరి యనుమతియు లేకుండ నెవరైనను కూర్చుండదగిన చెట్టునీడ. నేటికిని అనేక గ్రామములలో సిమెంటు రోడ్డు ఊరి నడుమ మొదలై దళితవాడ మొగదలనే యాగిపోవుచున్నది. వీధిదీపము లక్కడికి వచ్చుసరికి దూరదూరమగుచున్నవి. అందరికి నివాసయోగ్యమైన యూరును కోరువారు పని ప్రారంభింపవలసినది ఆ చివరి వీధినుండియే.

అందరును సమానముగా కూర్చుండదగిన యిల్లొకటి మన పెద్దలు నిర్మించియిచ్చిరి, అది గ్రంథాలయము. 1914 ఏప్రిలు 10 న బెజవాడలో అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. 1918 లో వేటపాలెమున సారస్వతనికేతనము స్థాపింపబడినది. 1935 లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా పశ్చిమడెల్టా కాలువలమీద పడవలో పుస్తకములు పంపిరి. గ్రామస్థుడు గ్రంథాలయమునకు పోలేనిచో గ్రంథాలయమే గట్టునకు వచ్చెను. ఆ యూహయే నేడు మనకు కావలసినది. బిడ్డయు వృద్ధుడును ఒక్క కాసు ఖర్చు లేకుండ ఒకే బల్లయొద్ద కూర్చుండగల స్థలము, దేవాలయమును విడిచినచో, ఊరిలో నిది యొక్కటియే. దానికి ధనము లేదనుమాట నిజము కాదు. ఇంటిపన్ను కట్టునప్పుడు రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయపు సెస్సు మనము చెల్లించుచునే యున్నాము. వసూలైన యా సొమ్ము స్థానికసంస్థలవద్దనే నిలిచిపోయి, జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరుటలేదను మొర యేండ్లతరబడి వినబడుచున్నది. పన్ను చెల్లించువారు తమ రసీదులోని యా పంక్తిని చూచి, ఈ పైసలేమైనవని యడుగుటలో తప్పేమియు లేదు.

పొలములను ప్లాట్లుగా విడగొట్టిన భూస్వాములకు గూడ నొకమాట. ఆమోదము పొందిన లేఅవుటులో పదవవంతు ఖాళీస్థలముగా విడువవలెనను నియమము మీరెరిగినదే; సంతకము చేసియు నున్నారు. ఆ స్థలము పటములో పచ్చరంగుతో నుండును. పదేండ్ల తరువాత పోయి చూచిన, అందులో నీళ్లట్యాంకియు, కల్యాణమండపమును, ఒక్కొక్కచోట నమ్మివేసిన రెండు ప్లాట్లును కనబడును. పిల్లలు రోడ్డుమీద క్రికెట్టు ఆడి, కిటికీ యద్దము పగులగొట్టి, తిట్లు తినుచున్నారు. విద్యాహక్కు చట్టము 2009 లోనే ప్రతి బడికిని ఆటస్థలముండవలెనన్నది. పట్టణములలో మేడమీది బడులకు డాబాయే ఆటస్థలము. పిల్లలాడుచోట ప్రక్కనే రెండు బల్లలు వేసిన వృద్ధులు తమంతట వత్తురు. పిల్లలను చూచుటయే వారి వినోదము. పిల్లలకు కాపలాయును దొరకును.

ఇదంతయు పాశ్చాత్యపు గోల, మన దేశమున తల్లిదండ్రులను చూచుకొనుట కొడుకుల ధర్మము గాని పురపాలక సంఘముల పని కాదని కొందరందురు. ఆ ధర్మమును మేము కాదనము. అది చాలదని ప్రభుత్వమే 2007 లో తల్లిదండ్రుల పోషణ చట్టమును చేసి, ట్రిబ్యునలులనేర్పరచి, నెలకు 10,000 రూపాయలవరకు నిప్పింప నధికారమిచ్చినది. అయితే, ఎంతటి పితృభక్తుడైన కుమారుడైనను బెంగుళూరులో కూర్చుండి తన యూరి కాలువపై బండను సరిచేయగలడా? తండ్రిని పల్లకిలో మోయగలవాడైనను, పల్లకి పోవుటకు బాట వలయును గదా! ఇంటిలోపలి ధర్మము కుటుంబముది. గడప దాటిన తరువాతి ధర్మము ఊరిది.

పొరుగున నున్న కేరళమును చూడుడు. అచ్చట 2011 నాటికే నూటికి పన్నెండుమందికి పైగా నరువది దాటినవారు. మలప్పురము మొదలగు జిల్లాలలో, మంచమున పడిన రోగులను చూచుటకు ఇరుగుపొరుగువారే సంఘములుగా నేర్పడి, వారమునకు కొన్ని గంటలు వంతులవారీగా పోవుచు వచ్చిరి. 2008 లో ప్రభుత్వము దానిని తన విధానముగా స్వీకరించినది. పంచాయతీలు ఆ పనిలో పాలుగొన్నవి. డాక్టరు వచ్చుట వేరు, ప్రక్కవీధివాడు వచ్చి అరగంట కూర్చుండుట వేరు. మన గ్రామములలో పండుగలకు, జాతరలకు, ఎన్నికలకు జట్టు కట్టు యువకులకు కొరత లేదు. వారిని మేము తప్పుపట్టము. వారానికి రెండు గంటలు వారినుండి యెవరును ఇంతవరకు కోరలేదు.

73, 74 వ రాజ్యాంగ సవరణములు 1993 లో అమలులోనికి వచ్చినవి. ఉద్యానములు, ఆటస్థలములు, వీధిదీపములు, బస్సులు నిలుచు స్థలములు, వికలాంగుల క్షేమము, ఇవన్నియు పురపాలక సంఘములకు అప్పగింపదగిన విషయములుగా పండ్రెండవ షెడ్యూలులో వ్రాయబడియున్నవి. స్వపరిపాలనమనగా పెద్ద మాటయని మనము భ్రమపడుచున్నాము. కాలువపై పోయిన బండను వారము దినములలో మరల వేయింపగల శక్తియే స్వపరిపాలనము. ఆ శక్తి లేని సంఘమునకు పన్నులు వేయు నధికార మెట్లు వచ్చినదని ప్రజలడిగిన, జవాబు చెప్పుట కష్టము.

మేము కోరునది గొప్ప పథకము కాదు. ప్రతి వార్డు సభ్యుడును తన వార్డులోని యొక వృద్ధురాలిని, ఒక చేతికర్ర పట్టినవానిని, ఒక బడిపిల్లను వెంటబెట్టుకొని, ఇంజనీరుతో గూడ, ఇంటినుండి బడివరకు, బజారువరకు, బస్సు నిలుచు చోటువరకు నొక ఉదయము నడువవలెను. కారులో కాదు. ఎక్కడ వారాగిరో, ఎక్కడ రోడ్డుమీదికి దిగిరో, ఎక్కడ కూర్చుండ చోటు వెదకిరో వ్రాసికొనవలెను. ఆ పట్టికలో మొదటి వీధిని ఆ యేడే బాగుచేయవలెను, రెండవదానిని మరుసటియేడు. క్రొత్త రోడ్డు వేయునపుడు పాతపొరను త్రవ్వి తీయకుండ బిల్లు చెల్లింపరాదని సంఘము తీర్మానింపవలెను. వాలుకట్టుల విషయమున, నోటీసులు పేదవీధినుండి గాక పెద్దవీధినుండి, వీలైన చైర్మనుగారి యింటినుండియే ప్రారంభింపవలెను. మా కార్యాలయము ముందరి మెట్లును ఆ కొలతకు లోబడినవే.

పురపాలక సంఘముల యాయవ్యయ పట్టికలు మార్చి మాసాంతమునకు ముందే సిద్ధమగును. నడచి చూచి వ్రాసిన యా పట్టిక అంతకు పూర్వము, సంక్రాంతికి పిల్లలందరు ఊరికి వచ్చియున్న దినములలోనే, వీధివీధినుండి చైర్మనుగారి చేతికి చేరునట్లు చూడుడని పాఠకులను కోరుచున్నాము.